కోడిగుడ్ల అట్టలో ఆరు వాల్వులు

ప్రకృతి వైద్యాశ్రమం, భీమవరం దగ్గర
10 సెప్టెంబరు 2025

వదినా,

ఉత్తరం అనగానే ఎవరికో ఏదో అయిందని గుండె పట్టుకోకు. అయింది నాకే. షుగరు మూడొందలు దాటిందని మా ఆయన నిన్న నన్ను తెచ్చి ఈ ఆశ్రమంలో పడేశారు. ఆఫీసులో నా ఫోను ఒక గుడ్డసంచీలో వేయించి, ముడి వేయించి, "నలభై రోజులు ప్రశాంతంగా ఉండు దుర్గా" అని చెప్పి, రొయ్యల మేత కొట్టు తీయాలంటూ వెనక్కి చూడకుండా వెళ్ళిపోయారు. ఈ నలభై రోజులూ ప్రశాంతంగా ఉండబోయేది ఎవరో నాకు బాగా తెలుసు.

ఇక్కడ ఫోను కూడదు, ఉత్తరాలు రాసుకోవచ్చు. రాస్తే మనసు నెమ్మదిస్తుందని డాక్టరు అన్నాడు. నాకేం నెమ్మదించలేదు, ఇప్పటికి నాలుగు కాగితాలు చించాను. పొద్దున్నే ఐదింటికి లేపి పొట్ట మీద మట్టి పూస్తారు. ఎనిమిదింటికి బూడిదగుమ్మడి రసం. మధ్యాహ్నం ఉప్పు లేని సొరకాయ. సాయంత్రం అదే సొరకాయ, కాస్త పలచగా. చుట్టూ రొయ్యల చెరువులు, కిటికీ తీస్తే ఆ గాలే. రొయ్యల ఇగురు తలుచుకుంటూ సొరకాయ మింగడం నా వల్ల కావడం లేదు. నా గదిలోనే తణుకు నుంచి వచ్చిన పాపాయి గారని ఒకావిడ ఉంది. తలనూనె సీసాలో ఆవకాయ నూనె పోసి తెచ్చుకుంది. మధ్యాహ్నం నా కంచంలో కూడా నాలుగు చుక్కలు వేసింది, మహాతల్లి.

అన్నట్టు, అన్నయ్య మీ తెల్ల కారు తుక్కుకి ఇచ్చేస్తున్నాడటగా. మంచి పని. పోయినేడు నన్ను కాకినాడ నుంచి తీసుకొస్తున్నప్పుడు అది వదిలిన పొగకి, దోమల మందు కొట్టే బండి అనుకుని పిల్లలు వెనకాల పరిగెత్తారు. నాకు తల ఎత్తుకోలేనంత సిగ్గేసింది. అమ్మ ఎలా ఉంది? నవరాత్రులకి ఉపవాసాలంటూ ఒళ్ళు పాడుచేసుకోవద్దని చెప్పు. నేను చెబితే వినదు, నువ్వు చెబితే అసలు వినదు, అయినా చెప్పు.

గంట కొట్టారు. సొరకాయ పిలుస్తోంది.

నీ ఆడపడుచు
లక్ష్మీదుర్గ


రామచంద్రపురం
14 సెప్టెంబరు 2025

ఆడపడుచు గారి దివ్యసముఖానికి,

నీ ఉత్తరం మీ అన్నయ్యకి, అత్తయ్య గారికి పెద్దగా చదివి వినిపించాను. సొరకాయ దగ్గర అత్తయ్య గారు కన్నీళ్ళు పెట్టుకున్నారు. మీ అన్నయ్య మాత్రం "దాని నోటికి నలభై రోజులు సెలవు దొరికింది" అన్నారు. ఉన్నది ఉన్నట్టు రాస్తున్నాను, నాకు చాడీలు చెప్పడం రాదు.

ఇక కారు సంగతి. అది తుక్కుకి వెళ్ళడం లేదు. నేను దాని ఇంజను విప్పేశాను.

మళ్ళీ చదవక్కర్లేదు, సరిగ్గానే చదివావు. సైన్సు టీచరుగా ఇరవై ఎనిమిదేళ్ళు బోర్డు మీద పిస్టను బొమ్మ గీశాను. గాలి లోపలికి, నొక్కుడు, మంట, పొగ బయటికి. ఎంతమంది పిల్లల చేత కంఠతా పట్టించానో లెక్కలేదు. నిజం పిస్టను ఒక్కటీ చూడలేదు. మొన్న ఏప్రిల్లో రిటైరయ్యాక ఫోనులో వీడియోలు చూడడం మొదలుపెట్టాను. ఎక్కడివాళ్ళో ఇంటి షెడ్డులో కూర్చుని ఇంజను మొత్తం విప్పి, కడిగి, మళ్ళీ బిగించేస్తున్నారు. వాళ్ళలో నాకన్నా ముసలివాళ్ళు కూడా ఉన్నారు.

మీ అన్నయ్య కాలువల శాఖలో ఇంజనీరుగా చేశారు కదా, చెయ్యి వేస్తారేమో అనుకున్నాను. "నేను నీళ్ళ ఇంజనీరుని, నూనె ఇంజనీరుని కాదు" అని పేపరు విప్పారు. టౌనులో మెకానిక్కు ఇంజను పని అయిపోయిందన్నాడట. కాకినాడ నుంచి తుక్కు కొట్టు ఆసామి అక్టోబరు పదిహేనున ఉదయం పదింటికి లారీ తెస్తాడట. "ఆ లోపల నేను స్టార్ట్ చేస్తే?" అన్నాను. "చేస్తే కారు నీదే, తాళంతో సహా" అన్నారు నవ్వుతూ. అత్తయ్య గారు సాక్షి.

నీకు నవ్వులాటగా ఉంటుంది కానీ దుర్గా, నాకు కాదు. ముప్పై ఏళ్ళుగా ఏ కారైనా ఆ ఎడమ సీటే నాది. ఆయనకి తీరితే స్కూలుకి త్వరగా, తీరకపోతే ఆలస్యంగా. నాతో పనిచేసిన సారిక టీచరు మండపేటలో పోయినప్పుడు "సాయంత్రం వెళ్దాంలే" అన్నారు. సాయంత్రానికి అంతా అయిపోయింది, ముఖం కూడా చూడలేదు. ఆటోలో వెళ్ళొచ్చుగా అంటావు. కారుండగా ఆటో ఎక్కితే పరువు తక్కువట. నా దగ్గర లైసెన్సు 2006 నుంచి ఉంది. రెన్యువల్‌కి కూడా ఆయనే కారులో తీసుకెళ్ళి తీసుకొచ్చారు, అదేదో ఓటరు కార్డులాంటిది అన్నట్టు. మొన్న మే నెలలో యోగా క్లాసు అని చెప్పి పదిహేను రోజులు డ్రైవింగ్ స్కూలుకి వెళ్ళొచ్చాను. ఎవరినీ అడక్కుండా, ఎవరికీ తీరిక ఉందా లేదా చూడకుండా, నా అంతట నేను ఒక చోటికి వెళ్ళిరావాలి. నాకు కావలసింది ఇంతే.

గోళ్ళ నిండా గ్రీజు. కాగితం మీద మరకలు చూసి ముక్కు చిట్లించకు.

సూర్యకళ


ఆశ్రమం
19 సెప్టెంబరు

మెకానిక్కు వదినకి,

పాపాయి గారికి నీ ఉత్తరం చదివి వినిపించాను. నవ్వి నవ్వి ఆవిడ పొట్ట మీద మట్టి ఊడి కింద పడింది. నర్సు ఇద్దరినీ కోప్పడింది.

నేను అన్నయ్య పక్షమే, ముందే చెప్పేస్తున్నాను. సారిక టీచరు విషయం చదివి బాధ కలిగింది, కాదనను. కానీ దానికీ ఇంజను విప్పడానికీ సంబంధం ఏంటి? వెళ్ళాలనిపిస్తే అన్నయ్యతో నాలుగు మాటలు గట్టిగా అంటే సరిపోయేది. నేనైతే అలాగే చేస్తాను. మా ఆయన్ని అడిగి చూడు, నాలుగు మాటలంటే ఎంతో చెబుతారు. వంట మిక్సీ జారు బిగించడం రాక పచ్చడి గోడకి కొట్టిన దానివి నువ్వు. ఆ గోడ మరక ఇంకా అలాగే ఉంది, నేను వచ్చినప్పుడల్లా చూస్తాను.

అన్నయ్య మనసు కూడా ఆలోచించు. ఊళ్ళోవాళ్ళు ఏమంటారు? ఇంజనీరు గారి భార్య షెడ్డులో నూనె చేతులతో కూర్చుంది, ఆయన అరుగు మీద పేపరు చదువుతున్నారు అనరూ?

నేను మూడు కిలోలు తగ్గాను. షుగరు దిగింది. మనసు మాత్రం పూతరేకుల చుట్టూ తిరుగుతోంది.

దుర్గ


రామచంద్రపురం
27 సెప్టెంబరు

దుర్గా,

ఊళ్ళోవాళ్ళు నువ్వు రాసినట్టే అంటున్నారు, ఒక్క అక్షరం తేడా లేదు. మీ అన్నయ్య పేపరు చదవడం మాత్రం మానలేదు.

మిక్సీ జారు సంగతి ఎత్తావు కనక ఇది విను. ఇంజను కారులోంచి బయటికి తీశాను. నేనొక్కదాన్నే కాదులే. నా దగ్గర చదువుకున్న అశ్విని వాళ్ళ నాన్న పోతురాజు గారని, కాకినాడ చేపల రేవులో నలభై ఏళ్ళు పడవ ఇంజన్లు బాగుచేసిన మనిషి. పడవల్లోంచి ఇంజన్లు ఎత్తే గొలుసు కప్పీ బస్సు మీద వేసుకుని వచ్చాడు. షెడ్డు దూలానికి కట్టి, గొలుసు లాగుతుంటే ఇంజను నెమ్మదిగా పైకి లేచింది. నాకు ఒళ్ళు జలదరించింది. ఆయన మాత్రం దాన్ని చూసి పెదవి విరిచాడు.

"ఇదేంటండి టీచరు గారూ, ఇంజనంటే ఇంతేనా అండీ? మా పడవలో దీన్ని కూజా పక్కన పెడతామండి" అన్నాడు.

"మీకు బాగుచేయడం వచ్చా రాదా?" అన్నాను.

"ఆయ్, డీజిలైతే కళ్ళు మూసుకుని చేస్తానండి. ఇది పెట్రోలండి. మీరు చెప్పండి, నేను బిగిస్తాను" అన్నాడు.

ఆ ఏర్పాటు బాగానే నడుస్తోంది. పిస్టన్ల రింగులు అరిగిపోయాయి, ఆ పొగంతా అందుకే. కొత్త రింగులు వచ్చాయి. ఇంజను దిమ్మని గీతలు పోయేలా నున్నగా చేయమని కాకినాడ లేతు వర్క్‌షాపులో ఇచ్చాం.

పై భాగాన్ని హెడ్డు అంటారు. అందులో ఆరు వాల్వులు ఉంటాయి. పుట్టగొడుగులాంటి ఇనుప మూతలు, మూడు పెద్దవి, మూడు చిన్నవి. అవి తమ గుంటల్లో గాలి చొరబడకుండా కూర్చోవాలి. అందుకని ఒక్కో వాల్వుకి ఇసుకలాంటి పేస్టు రాసి, రబ్బరు బుడిపె ఉన్న కర్రతో పట్టుకుని, కవ్వం తిప్పినట్టు దాని గుంటలోనే పెట్టి గంటలకొద్దీ అరగదీయాలి. అలా అరిగాక ఏ వాల్వు ఆ గుంటకే పనికొస్తుంది. పక్క గుంటలో పెడితే గాలి కారిపోతుంది, ఇంజను లేవదు. ఐదు రోజులు తిప్పాను, అరచేతులు బొబ్బలెక్కాయి. హెడ్డు బోర్లించి డీజిలు పోసి చూస్తే ఆరింటిలో ఒక్కదాని నుంచీ చుక్క కారలేదు. పోతురాజు గారు తలపాగా తీసి మరీ మెచ్చుకున్నాడు.

ఆ వాల్వులు కలిసిపోకుండా ఖాళీ కోడిగుడ్ల అట్టలో ఒక్కో గుంటకి ఒకటి నుంచి ఆరు దాకా నంబర్లు రాసి, వరసగా నిలబెట్టాను. మీ అన్నయ్య రోజూ టీ గ్లాసు పట్టుకుని షెడ్డు గుమ్మంలో నిలబడి "ఇవాళ ఎన్ని నట్లు మిగిలాయి?" అని అడుగుతారు. ఈ షెడ్డులో ఒక్క వస్తువు ఎవరు కదిపినా ఊరుకోనని ఇంట్లో అందరికీ చెప్పాను. ముఖ్యంగా ఆయనకి చెప్పాను.

అత్తయ్య గారు నవరాత్రుల దీక్షలో ఉన్నారు. ఇంట్లో నీచు వండడం లేదు. ఆయుధ పూజకి నా స్పానర్లకి కూడా బొట్టు పెడతానన్నారు. ఈ ఇంట్లో నా వైపు మాట్లాడేది ఆవిడ ఒక్కరే.

సూర్యకళ


ఆశ్రమం
6 అక్టోబరు

వదినా,

నిన్న ఆదివారం అన్నయ్య, అమ్మ బస్సులో వచ్చి నన్ను చూసి వెళ్ళారు. నువ్వు రాలేదని ముందు మూతి ముడుచుకున్నాను. ఇంజను స్టార్ట్ చేసే రోజు అని అన్నయ్య చెబితే సరేలే అనుకున్నాను. అన్నయ్య గొంతులో వెటకారం లేదు, ఆశ్చర్యంగా ఉంది. "మీ వదిన చెయ్యి బాగానే పడిందే" అన్నాడు. నేను సొరకాయ పక్కన పెట్టి మరీ విన్నాను.

అమ్మ చిక్కిపోయింది. తొమ్మిది రోజులు పాలూ పళ్ళతోనే ఉందట. కానీ నోరు చిక్కలేదు. ఇక్కడి డాక్టరుకి సొరకాయ పులుసు ఎలా పెట్టాలో చెప్పింది, చింతపండు, బెల్లం, ఇంగువతో సహా. ఆయన చెవులు మూసుకుని పారిపోయాడు.

అమ్మ చేసిన ఘనకార్యం చెబుతాను, నవ్వుకుంటావు. నాకు చెప్పి నీకు చెప్పొద్దంది. నా కడుపులో మాట దాగదని తెలిసి కూడా చెప్పిందంటే తప్పు ఆవిడదే. నవమి నాడు నువ్వు కాకినాడ వెళ్ళినప్పుడు పూజకి షెడ్డులోకి వెళ్ళిందట. "ఏంటేవ్, దీక్షలో ఉన్నదాన్ని, ఆ కోడిగుడ్ల నీచు అట్టకి పసుపు కుంకాలు ఎలా పెట్టను? సామానేం పాపం చేసింది? అందుకని అన్నీ తీసి, పసుపు నీళ్ళతో కడిగి, ఇత్తడి పళ్ళెంలో అమ్మవారి ముందు పెట్టి బొట్లు పెట్టాను. పూజయ్యాక తుడిచి, పెద్దవి పెద్దవాటి గుంటల్లో, చిన్నవి చిన్నవాటి గుంటల్లో చక్కగా సర్దేశాను. మీ వదిన కనిపెట్టనే లేదు" అంది. ఎంత మురిసిపోయిందో. నీ ఇంజను మీద ఆవిడకి ఎంత శ్రద్ధో చూడు. నువ్వు నా కన్నా మంచి అత్తగారిని కొట్టేశావు.

ఈపాటికి బండి రయ్యిమంటూ ఉంటుంది. పంతొమ్మిదిన నా నలభై రోజులూ అయిపోతాయి. నన్ను తీసుకెళ్ళడానికి నువ్వే రా. పాపాయి గారు నిన్ను చూడాలంటోంది.

దుర్గ


రామచంద్రపురం
7 అక్టోబరు

దుర్గా,

ఈ ఉత్తరం కోపంతో రాస్తున్నాను. రేపు రాస్తే మంచిదని తెలుసు, కానీ రేపు కూడా ఇంతే కోపం ఉంటుంది.

ఇంజను లేవలేదు. ఆదివారం మీ అన్నయ్య, అత్తయ్య గారు నీ దగ్గరికి వచ్చిన పూట, పోతురాజు గారూ నేనూ కలిసి తాళం తిప్పాం. గిరగిరా తిరుగుతుంది, అంటుకోదు. నొక్కుడే లేదు, గాలంతా ఎటో కారిపోతోంది. పొద్దున్నుంచి సాయంత్రం దాకా ప్లగ్గులు తీశాం, వైర్లు మార్చాం, పెట్రోలు చూశాం. బ్యాటరీ చచ్చింది. పోతురాజు గారు "పడవింజనైతే నాలుగు తగిలిస్తే లేచేదండి, ఇది మరీ సుకుమారమండి" అని నీరసపడిపోయాడు. నేను షెడ్డు మూల ఉన్న బస్తాల మీద కూర్చుని ఏడ్చాను. చెప్పుకోవడానికి నీకన్నా ఎవరున్నారు?

రింగులు కొత్తవి. దిమ్మ నున్నగా ఉంది. వాల్వులు నేనే పరీక్ష చేశాను, చుక్క కారలేదు. ఒకసారి పాసైనవాళ్ళకి మళ్ళీ పరీక్షేంటని బిగించే ముందు ఇంకోసారి డీజిలు పోయలేదు. మరి ఎక్కడ తేడా వచ్చింది? నవమి నాడు దిమ్మ తెచ్చుకోవడానికి నేను కాకినాడ వెళ్ళాను. తిరిగొచ్చేసరికి పూజ అయిపోయింది. అత్తయ్య గారు దేవుడి గదిలో ఉన్నారు. మీ అన్నయ్య షెడ్డులోంచి వస్తున్నారు, చేతిలో నూనె గుడ్డ. ఏంటని అడిగితే "ఏం లేదు" అని గబగబా వెళ్ళిపోయారు. ముప్పై ఏళ్ళలో ఆ మనిషి చేతిలో గుడ్డ చూడడం అదే మొదలు.

ఆదివారం సాయంత్రం నీ దగ్గర్నుంచి రాగానే మొహాన అడిగేశాను. "నేను ఓడిపోవాలని ఏదో చేశారు. అవునా?" అన్నాను. ఆయన నన్ను చూశారు, అత్తయ్య గారి గది వైపు చూశారు. "చేశాననే అనుకో" అన్నారు. ఇంకేముంది, ఒప్పుకున్నట్టే కదా! అప్పటినుంచి మాటల్లేవు. కంచం బల్ల మీద పెట్టి వెళ్ళిపోతున్నాను.

తుక్కు లారీకి ఇంకా ఎనిమిది రోజులు. ఆ కారు పోతే నాకు ఇంకో కారు రాదు దుర్గా. వచ్చినా అది కూడా ఆయనదే అవుతుంది.

సూర్యకళ


ఆశ్రమం
10 అక్టోబరు

శ్రీ త్రిమూర్తులు గారి సతీమణి గారికి,

నమస్కారములు. తమరి ఏడో తారీకు ఉత్తరం అందినది.

మా అన్నయ్య కాలువ గట్టు మీద గండి పడితే అర్ధరాత్రి గొడుగు లేకుండా వెళ్ళిన మనిషి. ఒకరి వస్తువు చెడగొట్టే బుద్ధి మా వంశంలో లేదు. మీకు ఇంజను రాలేదని ఒప్పుకోవడానికి నామోషీ అయి, నోరు లేనివాడి మీద నెట్టేశారు. నేను మొదటే చెప్పాను, అది తుక్కుకి పోవడమే మంచిదని. పంతొమ్మిదో తారీకున మీరు రానక్కర్లేదు, మా ఆయన వస్తారు.

మీ ఉత్తరం చదివాక సొరకాయ కూడా సహించలేదు. ఆ పాపం కూడా మీదే.

ఇట్లు
మీ ఆడపడుచు హోదాలో
లక్ష్మీదుర్గ


రామచంద్రపురం
10 అక్టోబరు

దుర్గా,

నీ ఆరో తారీకు ఉత్తరం ఇవాళ పదకొండున్నరకి వచ్చింది. నవ్వుకుంటావని రాశావే, ఆ ముక్క రెండుసార్లు చదివాను.

కోడిగుడ్ల అట్ట! నేను దిమ్మని అనుమానించాను, ప్లగ్గుల్ని అనుమానించాను, కట్టుకున్నవాడిని అనుమానించాను. అట్ట వైపు చూడనే లేదు. ఎలా చూస్తాను? పెద్దవి పెద్దవాటి గుంటల్లో, చిన్నవి చిన్నవాటి గుంటల్లో, నంబర్ల ఎదురుగా బుద్ధిగా నిలబడి ఉన్నాయి. ఒకటో నంబరుది మూడులో, మూడోది ఐదులో పెట్టినా మనిషి కంటికి తెలియదు. ఇంజనుకి తెలుస్తుంది.

నేరుగా అరుగు మీదికి వెళ్ళి ఉత్తరం ఆయన పేపరు మీద పెట్టాను. చదివారు.

"మీకు తెలుసా?" అన్నాను.

"పూజకి అగరొత్తులు వెలిగించింది నేనే. తర్వాత తుప్పు పట్టకుండా నూనె గుడ్డతో తుడిచింది కూడా నేనే. అవి అటూ ఇటూ అయితే ఇంత కొంప మునుగుతుందని నాకేం తెలుసు?" అన్నారు.

"ఆదివారం నేను అడిగినప్పుడు తెలుసుగా! మరి చెప్పరేం?"

"అమ్మ తొమ్మిది రోజులు ఉపవాసం ఉండి చేసింది. చెబితే ఆవిడ మీద అరుస్తావు. నా మీద అరిస్తే నాకు అలవాటే" అన్నారు.

ఐదు రోజులుగా ఆ మనిషి చల్లారిన కూర తింటున్నారు, ఒక్క మాట అనకుండా. నాకు చాలా సిగ్గేసింది. కోపం కూడా వచ్చింది. ముందే చెబితే నాకు ఐదు రోజులు మిగిలేవి! క్షమించమనడానికి నోరు రాలేదు. లోపలికి వెళ్ళి పేస్టు డబ్బా, రబ్బరు కర్ర తెచ్చి ఆయన చేతిలో పెట్టాను. కాసేపు దాన్ని అటూ ఇటూ తిప్పి చూసి, కళ్ళజోడు సర్దుకుని, "ఎటు తిప్పాలి?" అని అడిగారు.

హెడ్డు మళ్ళీ విప్పాం. ఆరు వాల్వులు కొత్తగా అరగదీయాలి. ఆయనకి మూడు, నాకు మూడు. ఐదు రోజుల పని నాలుగు రోజుల్లో అవ్వాలి. అత్తయ్య గారికి ఈ సంగతి చెప్పలేదు, నువ్వూ చెప్పకు. "మళ్ళీ విప్పారేంటమ్మా?" అని ఆవిడ అడిగితే "మరీ గట్టిగా బిగించామండీ" అన్నాను.

నా ఏడో తారీకు ఉత్తరం ఈపాటికి నీకు చేరి ఉంటుంది. చదవకముందే చించెయ్.

సూర్యకళ


ఆశ్రమం
13 అక్టోబరు

వదినా,

చించడానికి ఆలస్యమైంది. అప్పటికే చదివి, దానికి జవాబు రాసి, డబ్బాలో కూడా పడేశాను. ఈపాటికి నీకు చేరి ఉంటుంది. చదివేశావా? "ఆడపడుచు హోదాలో" అన్న చోట నన్ను తిట్టుకున్నావా? నేనైతే తిట్టుకునేదాన్ని.

నీ ఏడో తారీకు ఉత్తరం చదువుతున్నప్పుడు అసలు సంగతి రాసి పంపింది నేనేనని నాకు తట్టనే లేదు. అన్నయ్యని అన్నావనేసరికి కళ్ళు మూసుకుపోయాయి. పాపాయి గారు రెండు ఉత్తరాలూ పక్కపక్కన పెట్టి చదివి, "ఏవమ్మా, ఆ అట్ట సంగతి నువ్వు రాసిందేగా?" అంది. అప్పుడు తెలిసింది.

ఇకనుంచి నేను నీ పక్షం. అన్నయ్య వాల్వులు తిప్పుతున్నాడా? చేతులు బొబ్బలెక్కాయా? ఎక్కాయని రాయి, నాకు బాగుంటుంది. బుధవారం పదింటికి ఇక్కడ నాకు మట్టి పట్టీ వేస్తారు. కళ్ళ మీద మట్టి పెట్టుకుని నీ గురించే దణ్ణం పెట్టుకుంటాను.

మా ఆయన కాదు, నువ్వే రావాలి నాకోసం.

దుర్గ


రామచంద్రపురం
15 అక్టోబరు, సాయంత్రం

దుర్గా,

లేచింది!

ఈ ఉత్తరం కొరియర్లో వేస్తున్నాను, పోస్టు మీద నాకు ఇక నమ్మకం లేదు.

నిన్న సాయంత్రం ఆఖరి బోల్టు బిగించాం. ఈసారి డీజిలు పోసి రెండుసార్లు పరీక్ష చేశాను. మీ అన్నయ్య అరగదీసినవాటిలో ఒకటి కారింది. "నాది కాదు, నీది" అని వాదించారు. నంబరు చూపించాక నోరు మూసుకుని మళ్ళీ తిప్పారు. బొబ్బలెక్కాయి, రెండు చేతులూ. నీకోసం రాస్తున్నాను.

తుక్కు కొట్టు ఆసామి పదింటికి రావలసినవాడు తొమ్మిదిన్నరకే లారీ వేసుకుని వచ్చి అరుగు మీద టీ తాగుతున్నాడు. వాడి ముందే తాళం తిప్పాను. మొదటిసారి ఉత్తి గిరగిరలే. రెండోసారి దగ్గింది. పోతురాజు గారు గొంతు తగ్గించి "లే తల్లీ, లే తల్లీ" అంటున్నాడు. మూడోసారి అంటుకుంది. షెడ్డు నిండా నీలం పొగ, ఎవరు ఎక్కడున్నారో కనపడలేదు. లోపల మిగిలిపోయిన నూనె కాలుతోందని నాకు తెలుసు. నాలుగైదు నిమిషాలకి పొగ తేలిపోయింది. పోతురాజు గారు స్క్రూడ్రైవరు ఇంజనుకి ఆనించి, పిడి చెవికి పెట్టుకుని విన్నాడు.

"ఆయ్, మూడు పిస్టన్లూ కొడుతున్నాయండి టీచరు గారూ! మా పడవంత లేదు గానీ, చక్కగా కొడుతున్నాయండి" అన్నాడు.

అత్తయ్య గారు దిష్టి తీసి, చక్రాల కింద నిమ్మకాయలు పెట్టారు. తుక్కు ఆసామి గ్లాసు కింద పెట్టి "ఎవరు చేశారండీ?" అని అడిగాడు. "మేమే చేశాం" అన్నారు మీ అన్నయ్య. విన్నావా, మేము! సరేలే, మూడు వాల్వులు ఆయనవే.

ఆసామి ఖాళీ లారీతో వెళ్ళిపోయాడు. అప్పుడు మీ అన్నయ్య మామూలుగా, అలవాటు ప్రకారం, వెళ్ళి స్టీరింగు ముందు కూర్చున్నారు. నేను ఆ తలుపు పట్టుకుని నిలబడ్డాను.

"ఏంటి?" అన్నారు.

"కారు నాదండీ" అన్నాను.

ఆయనకి అప్పుడు గుర్తొచ్చింది. దిగి, అటు వైపు తిరిగి వెళ్ళి, ఎడమ సీట్లో కూర్చుని బెల్టు పెట్టుకున్నారు. నేను కూర్చున్నాను, సీటు ముందుకి లాక్కున్నాను. "ఎక్కడికి?" అని అడిగారు. మర్యాదగానే అడిగారు. ఇన్నాళ్ళూ కారు లేపడమే ఆలోచించాను కానీ ఎక్కడికో ఆలోచించనే లేదు. ఏ ఊరి పేరు చెప్పినా ఏ రోడ్డున పోవాలో, ఎక్కడ గుంతలుంటాయో ఆయన చెబుతారు. ఆయన తప్పు కాదు, చెప్పడం అలవాటైపోయింది, వినడం నాకు అలవాటైపోయింది.

"మీరు దిగండి" అన్నాను.

పాపం, అంత పని చేసిన మనిషిని దింపేశానని నువ్వు నన్ను తిట్టొచ్చు. తిట్టు. ఆయన అలుగుతారనుకున్నాను. బెల్టు విప్పి, దిగి, వెళ్ళి గేటు తీశారు. రోడ్డు మీదికి వెళ్ళి, వస్తున్న ట్రాక్టరుని చెయ్యెత్తి ఆపి, నన్ను రమ్మని సైగ చేశారు.

మలుపులో ఒకసారి ఆగిపోయింది. ఇంజను తప్పు కాదు, క్లచ్చి నేనే వదిలేశాను. వెనకాల ఆటోవాడు ఏదో అన్నాడు, నేను కూడా ఏదో అన్నాను. టీచరు అనకూడని మాట. ఫోను ఇంట్లోనే వదిలేశాను. రోడ్డు ఎటు పోతే అటు పోయాను, కోటిపల్లి రేవు దగ్గర గోదావరి అడ్డం వచ్చి ఆగాను. ఇంజను ఆపితే మళ్ళీ లేస్తుందో లేదోనని భయం. ఆపకుండానే దిగి, రెండు మిరపకాయ బజ్జీలు కొనుక్కుని, కారుకి ఆనుకుని తిన్నాను. రేవు దాటించే పంటు అవతలి ఒడ్డుకి వెళ్ళింది, తిరిగొచ్చింది. ముప్పై ఏళ్ళలో నేను ఎక్కడున్నానో ఏ ఒక్కరికీ తెలియని గంట ఇదే దుర్గా. కళ్ళమ్మట నీళ్ళొచ్చాయి. బజ్జీ కారం కూడా కొంత ఉందిలే, కానీ నేను చాలా సంతోషంగా ఉన్నాను.

ఆదివారం భీమవరం దాకా రాలేను. అంత దూరం ఇంకా ధైర్యం లేదు, గొప్పలకి పోయి కాలువలో పడడం ఎందుకు? బస్సులో రా. రామచంద్రపురం బస్టాండులో దిగు. అక్కడినుంచి నేను తీసుకొస్తాను. పాపాయి గారిని కూడా తీసుకురా.

ఇంటికి వచ్చేసరికి ఒంటిగంటయింది. మీ అన్నయ్య గేటు దగ్గరే నిలబడి ఉన్నారు. కారు చుట్టూ ఒకసారి తిరిగి చూశారు. గీతలేం పడలేదు. "ఎక్కడికెళ్ళావు?" అని అడిగారు.

"ఊరికే వెళ్ళొచ్చానండీ" అన్నాను.

నేను తాళం నా బొడ్లో దోపుకుని అన్నం వడ్డించడానికి లోపలికి వెళ్ళాను.

నీ వదిన
సూర్యకళ